తప్పును చెప్పే తీరు: ప్రోగ్రామింగ్ సాధనాలపై విమర్శనాత్మక పరిశీలన

ఈ పాఠంలో కొత్త ప్రోగ్రామింగ్ భాష ఏదీ లేదు. మీరు ఇప్పటికే వాడుతున్న కంపైలర్లను, ఎడిటర్లను, ఆన్‌లైన్ సాధనాలను విమర్శకుడి దృష్టితో పరిశీలించడమే ఇక్కడి పని. నవలను, నాటకాన్ని విమర్శించడం మనకు అలవాటే. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం, ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను ఇచ్చినట్టే తీసుకుంటాం. అది ఏం నేర్పుతోంది, ఏం దాస్తోంది అని అడగం.

సాధనాల గురించి రాసేవారు సాధారణంగా సదుపాయాల పట్టిక ఇస్తారు. ఎన్ని భాషలు పనిచేస్తాయి, ఉచితమా కాదా, ఎంత మెమరీ కావాలి, రంగులు ఎన్ని. ఆ పట్టికతో మీకు పెద్ద ప్రయోజనం లేదు. రోజూ తరగతికి వెళ్ళే విద్యార్థి ప్రోగ్రాం ఆగిపోతే చెయ్యెత్తుతాడు, అధ్యాపకుడు వచ్చి తెర చూసి, "మూడో లైనులో సెమికోలన్ ఏదీ?" అంటాడు. మీకు ఆ సౌకర్యం కౌన్సెలింగ్ తరగతులు జరిగే కొద్ది రోజులే. మిగతా రోజుల్లో, ఇంటి పనో ఉద్యోగమో ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్ తెరిస్తే, మీ తప్పును మీకు చెప్పేది ఆ సాధనం ఒక్కటే. కాబట్టి ఈ పాఠంలో ప్రతి సాధనాన్నీ ఒకే ప్రశ్న అడుగుదాం: మీరు తప్పు చేసినప్పుడు అది మీకు ఎలా చెబుతుంది? వెంటనే చెబుతుందా, ఆలస్యంగానా? అర్థమయ్యేలా చెబుతుందా? అసలు చెప్పకుండా ఊరుకుంటుందా? లేక మీరు ఆలోచించే లోపే తానే దిద్దేసి పోతుందా?

నీలి తెర

మన కళాశాలల ప్రయోగశాలల్లో సి భాష నేర్చుకున్నవారికి నీలి తెర, దాని మీద పసుపు అక్షరాలు గుర్తుంటాయి. అది టర్బో సి. బోర్లాండ్ సంస్థ దాన్ని 1987లో విడుదల చేసింది. ఆ కాలానికి అది నిజంగా గొప్ప పని. ఎడిటర్, కంపైలర్, లింకర్ మూడూ ఒకే కిటికీలో ఉండేవి. రాసిన ప్రోగ్రాం ఒక్క మీట నొక్కితే నడిచేది. తప్పు ఉంటే ఆ లైను మీదికే కర్సర్ వెళ్ళి నిలిచేది. మన ప్రమాణం ప్రకారం చూస్తే 1987లో దానికి మంచి మార్కులే పడతాయి.

అయితే మీరు దాన్ని వాడుతున్నది 1987లో కాదు. సి భాషకు తొలి ప్రామాణిక నిర్వచనం 1989లోనూ, సి ప్లస్‌ప్లస్‌కు 1998లోనూ వచ్చాయి. మన ప్రయోగశాలల్లో ఉన్న టర్బో సి ప్లస్‌ప్లస్ ఆ రెండో నిర్వచనం కంటే ముందుది. ఇప్పటి విండోస్ మీద అది సొంతంగా నడవదు. డాస్‌బాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ దానికోసం పాత డాస్ కంప్యూటర్‌లా నటించాలి. మెయిన్ ముందు వాయిడ్ అని రాయడం, తెర తుడవడానికి క్లియర్‌స్క్రీన్ అనే ఫంక్షన్‌ను పిలవడం, చివర గెట్‌చ్ పెట్టి తెరను ఆపడం - ఇవన్నీ సి భాషలో భాగాలని చాలామంది అనుకుంటారు. ఇవి టర్బో సి అలవాట్లు మాత్రమే. ఉద్యోగంలో చేరి లినక్స్ మీద ఇదే ప్రోగ్రాం నడపబోతే కోనియో హెడర్ ఫైలు లేదన్న సందేశంతో మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు విద్యార్థి "నాకు సి రాదు" అనుకుంటాడు. అతనికి సి వచ్చు. దానితోపాటు సి కానిది కూడా వచ్చింది, అంతే తేడా.

దీనికంటే పెద్ద నష్టం పరీక్ష పేపర్లలో కనిపిస్తుంది. "అ విలువ 5 అయితే, అ++ + ++అ విలువ ఎంత?" అనే తరహా ప్రశ్న మీరు తప్పకుండా చూసి ఉంటారు. గైడు పుస్తకాల్లో దానికి ఒక సంఖ్య జవాబుగా ఉంటుంది. ఆ సంఖ్య ఎవరో నీలి తెర మీద నడిపి చూసి రాసుకున్నది. సి ప్రామాణిక నిర్వచనం ప్రకారం ఈ ప్రశ్నకు జవాబే లేదు. ఒకే వాక్యంలో ఒకే చరరాశిని ఇలా రెండుసార్లు మారిస్తే ఫలితం అనిర్వచితం. ఒక కంపైలర్ ఒకటి చెప్పవచ్చు, ఇంకోటి ఇంకొకటి చెప్పవచ్చు, రెండూ నిబంధన మీరినట్టు కాదు. టర్బో సి మాత్రం నిశ్శబ్దంగా ఒక సంఖ్యను ముద్రించింది. ఆ నిశ్శబ్దాన్ని మనం జ్ఞానంగా భావించి, తరాలపాటు కంఠస్థం చేయించాం.

రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ కంపైలర్‌ను తొలిసారి విడుదల చేసింది కూడా అదే 1987లో. టర్బో సి అక్కడే ఆగిపోయింది; జీసీసీ నేటికీ మారుతూ ఉంది. పై వాక్యాన్ని జీసీసీకి ఇచ్చి, మరిన్ని హెచ్చరికలు చూపమని కోరే డాష్ డబ్ల్యూ ఆల్ అనే ఎంపికను జోడించి చూడండి. "ఈ చరరాశి మీద చేస్తున్న పని అనిర్వచితం కావచ్చు" అన్న అర్థంలో హెచ్చరిక ఇస్తుంది. ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఈ ఎంపికను మీరు కోరి జోడిస్తేనే ఆ హెచ్చరిక వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికే హెచ్చరికలు ఎక్కువ అవసరం, ఆ ఎంపిక ఉందని తెలియనిదీ వారికే.

అయితే కొత్తది ప్రతిచోటా మేలు, పాతది ప్రతిచోటా కీడు అనుకోవద్దు. క్రమగుణితం కనుక్కునే ప్రోగ్రాం రాయండి. జవాబును మామూలు పూర్ణాంక చరరాశిలోనే ఉంచండి. టర్బో సి లో పూర్ణాంకానికి 16 బిట్లు; 32767 దాటితే పట్టదు. 7 క్రమగుణితం 5040, సరిగానే వస్తుంది. 8 క్రమగుణితం 40320 రావాలి. తెర మీద -25216 కనిపిస్తుంది. రుణ సంఖ్యను చూడగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇదే ప్రోగ్రాంను జీసీసీతో నడిపితే, పూర్ణాంకానికి 32 బిట్లు ఉంటాయి కనుక 12 వరకు అంతా సవ్యంగా సాగుతుంది. 13 దగ్గర 6227020800 రావలసి ఉండగా సాధారణంగా 1932053504 వస్తుంది. చూడటానికి ఎంత నమ్మకంగా ఉందో గమనించండి. ధన సంఖ్య, పెద్ద సంఖ్య, చివర సున్నా లేదన్న ఒక్క సంగతి తప్ప అనుమానించడానికి ఏమీ లేదు. ఐదు దాటిన ఏ క్రమగుణితమైనా సున్నాతోనే ముగియాలని గుర్తున్న విద్యార్థి మాత్రమే పట్టుకోగలడు. ఈ ఒక్క విషయంలో పాత సాధనం తన పేదరికం వల్లనే మంచి గురువయింది.

పైథాన్ మాట

ఇదే 13 క్రమగుణితాన్ని పైథాన్ తప్పు లేకుండా చెబుతుంది. పూర్ణాంకం ఎంత పెద్దదైనా అది సర్దుకుంటుంది. గైడో వాన్ రోసమ్ తొలిసారి 1991లో విడుదల చేసిన ఈ భాష ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో మొదటి సెమిస్టర్ భాషగా స్థిరపడింది. ప్రోగ్రాం ఆంగ్ల వాక్యంలా చదువుకోవచ్చు అన్నది అందరూ చెప్పే కారణం. మన ప్రశ్న వేరు కదా. తప్పును ఎలా చెబుతుంది?

చాలాకాలం వరకు పేలవంగానే చెప్పేది. ఒక లైనులో బ్రాకెట్ తెరిచి మూయడం మరిచిపోయారనుకోండి. పాత పైథాన్ ఆ లైనును వదిలేసి, ఏ పాపమూ ఎరుగని తర్వాతి లైనును చూపి "ఇన్వాలిడ్ సింటాక్స్" అనేది. విద్యార్థి ఆ తర్వాతి లైనును చెరిపి మళ్ళీ రాసేవాడు, మళ్ళీ అదే సందేశం. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 వెర్షన్‌తో ఈ పరిస్థితి మారింది. ఇప్పుడు బ్రాకెట్ తెరిచిన చోటునే చూపి, దాన్ని మూయలేదని చెబుతుంది. ఇఫ్ తర్వాత కోలన్ లేకపోతే కోలన్ కావాలని చెబుతుంది. చరరాశి పేరులో ఒక అక్షరం తప్పితే, "మీ ఉద్దేశం ఇదేనా?" అని దగ్గరి పేరును సూచిస్తుంది. భాషలో కొత్త హంగులు చేర్చడం కంటే ఈ సందేశాలను దిద్దడం విద్యార్థికి చేసిన పెద్ద ఉపకారమని మా అభిప్రాయం. మీ కంప్యూటర్‌లో గాని, మీరు వెళ్ళే అధ్యయన కేంద్రంలో గాని 3.10 కంటే పాత వెర్షన్ ఉంటే మార్చుకోండి. పాఠ్యాంశం మారదు, గురువు మారతాడు.

సందేశం మెరుగైనా చదివే పద్ధతి తెలియాలి. పైథాన్ ఇచ్చే ట్రేస్‌బ్యాక్ అయిదారు లైన్లుంటే భయపడి పైనుంచి చదవడం మొదలుపెడతాం. కింది నుంచి చదవండి. చివరి లైనులో తప్పు పేరు, దాని పై లైన్లలో తప్పు జరిగిన చోటు ఉంటాయి.

పైథాన్ ఊరుకునే సందర్భాలు కూడా తెలుసుకోవాలి. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో రెండు సంఖ్యలు తీసుకుని కూడితే, 2, 3 ఇచ్చినవారికి 5 బదులు 23 వస్తుంది. వచ్చినవి సంఖ్యలు కావు, అక్షరాలు. అక్షరాలను పక్కపక్కన అతికించడం దాని దృష్టిలో తప్పు కాదు. ఇంకొకటి: ఎల్స్ భాగంలో ఒక ఫంక్షన్ పేరు తప్పుగా రాశారనుకోండి. సి కంపైలర్ అయితే ప్రోగ్రాం నడవకముందే సందేశం ఇస్తుంది. పైథాన్ ఆ లైను దాకా వెళ్ళినప్పుడే కళ్ళు తెరుస్తుంది. మీరు ఇంట్లో పదిసార్లు నడిపినా ఎల్స్ లోకి వెళ్ళకపోతే ఆ తప్పు అక్కడే నిద్రపోతుంది. పరీక్షకుడి ముందు లేస్తుంది.

ఎడిటర్ సంగతి రెండు మాటల్లో. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ పనికి సరిపోతుంది. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో రూపొందిన థానీ అనే ఉచిత ఎడిటర్ కొత్తవారి కోసమే చేసినది. ఒక వ్యక్తీకరణ విలువ దశలవారీగా ఎలా తేలుతుందో చూపిస్తుంది, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోను మీదే నేర్చుకోవలసి వచ్చినవారికి పైడ్రాయిడ్ వంటి యాప్‌లు ఉన్నాయి. చిన్న తెర మీద ఖాళీల లెక్క తప్పడం సహజం, పైథాన్‌లో ఖాళీ కూడా వ్యాకరణమే. కాబట్టి ఫోనులో రాసేవారు ముందు కాగితం మీద రాసుకుని ఎక్కించడం మంచిది.

బాణం గుర్తులు చూపే సాధనం

ఈ పాఠంలో మేము మనస్ఫూర్తిగా మెచ్చుకునేది పైథాన్ ట్యూటర్. అమెరికాలో ఫిలిప్ గువో అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 2010లో తయారుచేసిన ఈ ఆన్‌లైన్ సాధనం ఒక్కటే పని చేస్తుంది. మీ ప్రోగ్రాంను ఒక్కొక్క అడుగూ నడిపి, ప్రతి అడుగులో మెమరీ ఎలా ఉందో బొమ్మ గీస్తుంది. పేరు పైథాన్‌దే అయినా సి, జావా వంటి భాషలకూ పనిచేస్తుంది.

దాని విలువ తెలియాలంటే ఈ చిన్న ప్రయోగం చేయండి. 1, 2, 3 ఉన్న జాబితాకు "అ" అని పేరు పెట్టండి. తర్వాతి లైనులో ఆ = అ అని రాయండి. మూడో లైనులో "ఆ" కు 4 చేర్చండి. ఇప్పుడు "అ" లో ఎన్ని అంశాలున్నాయి? మూడే అని దాదాపు అందరూ చెబుతారు. "ఆ" అనేది "అ" కు నకలు అన్నది వారి ఊహ. అసలు జవాబు నాలుగు. మామూలు ఎడిటర్ ఈ నాలుగును ముద్రించి ఊరుకుంటుంది. అధ్యాపకుడు నల్లబల్ల మీద రెండు డబ్బాలు గీసి వివరించవలసి వస్తుంది. పైథాన్ ట్యూటర్ రెండు పేర్లను ఎడమవైపు, ఒకే ఒక జాబితాను కుడివైపు ఉంచి, రెండింటి నుంచీ దానికే బాణాలు గీస్తుంది. ఒకే ఇంటికి రెండు గుమ్మాలున్నాయని కంటితో చూస్తారు. ఏ గుమ్మంలోంచి సామాను పెట్టినా ఇల్లు ఒకటే. పునరావృత ఫంక్షన్లు అర్థం కానివారు 5 క్రమగుణితాన్ని ఇందులో ఒకసారి నడిపి చూడాలి. ఒక పిలుపు మీద ఇంకో పిలుపు పేరుకుని, మళ్ళీ ఒక్కొక్కటిగా వెనక్కి రావడం కనిపిస్తుంది.

ఈ సాధనం మీకు తప్పు ఇదీ అని చెప్పదన్నది గమనించవలసిన సంగతి. మీ ఊహకు, జరుగుతున్నదానికి మధ్య దూరాన్ని చూపి, తప్పును కనుక్కునే పని మీకే వదిలేస్తుంది. మంచి గురువు చేసేదీ అదే. పరిమితులు లేకపోలేదు. పెద్ద ప్రోగ్రాంలను భరించలేదు, అడుగుల సంఖ్య హద్దు దాటితే ఆగిపోతుంది, ఇంటర్నెట్ తప్పనిసరి. ముందుకు మీట నొక్కుతూ బొమ్మలు మారడం చూస్తూ కూర్చుంటే సినిమా చూసినట్టే ఉంటుంది కూడా. ప్రతి అడుగుకు ముందు తర్వాతి బొమ్మను కాగితం మీద మీరు గీసి, ఆ తర్వాతే మీట నొక్కండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ప్రయోగంలో రెండో లైనును మార్చి, "ఆ" వేరే జాబితా అయ్యేలా రాయండి. పైథాన్ ట్యూటర్‌లో బాణాలు ఎలా ఉండాలో ముందుగా గీసి, తర్వాత పోల్చుకోండి.

నోట్‌బుక్

డేటా సైన్స్ పాఠ్యాంశాలు వచ్చాక జూపిటర్ నోట్‌బుక్, దాన్ని ఇంటర్నెట్ మీద అందించే గూగుల్ కొలాబ్ మన కోర్సుల్లోకి వేగంగా వచ్చాయి. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లు కలిపి జూపిటర్ అన్నారు. వివరణ, ప్రోగ్రాం, గ్రాఫు ఒకే పుటలో పక్కపక్కన ఉండటం దీని అందం. కంప్యూటర్‌లో ఏదీ స్థాపించకుండా కొలాబ్‌లో పని మొదలుపెట్టవచ్చు. దూరవిద్య విద్యార్థికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ప్రోగ్రామింగ్ మొదటిసారి నేర్చుకునేవారి చేతికి దీన్ని ఇవ్వడం మాత్రం మాకు సమ్మతం కాదు. నోట్‌బుక్‌లో గడులను ఏ వరుసలోనైనా నడపవచ్చు. ధర 100 అని ఒక గడిలో రాసి నడిపారు. కింది గడిలో పన్ను లెక్కించారు. తర్వాత పై గడిని తీసేశారు. కింది గడి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే ధర మెమరీలో మిగిలే ఉంది. కళ్ళకు కనిపించే ప్రోగ్రాం ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి. మర్నాడు కొత్తగా తెరిచి నడిపితే ధర ఎవరో తెలియదంటుంది. నిన్న రాత్రి వచ్చిన జవాబు నిజమా, ఈరోజు వచ్చిన సందేశం నిజమా అని విద్యార్థి తికమకపడతాడు. జోయెల్ గ్రస్ అనే ప్రోగ్రామర్ 2018లో జూపిటర్ వాడేవారి సమావేశానికే వెళ్ళి, నోట్‌బుక్‌లు తనకెందుకు నచ్చవో చెబుతూ ఒక ప్రసంగం చేశాడు. ఈ దాగిన స్థితి ఆయన ముఖ్య ఫిర్యాదుల్లో ఒకటి. మన ప్రమాణంతో చెప్పాలంటే, నోట్‌బుక్ తప్పును వాయిదా వేస్తుంది. అసైన్‌మెంట్ పంపేముందు కెర్నల్‌ను తిరిగి ప్రారంభించి గడులన్నీ పైనుంచి కిందికి నడపడం అలవాటు చేసుకోండి. కొలాబ్‌లో సెషన్ ముగిస్తే అందులోకి ఎక్కించిన ఫైళ్ళు పోతాయన్నదీ మరువకండి.

పచ్చ గుర్తు

ఇప్పుడు మీ మార్కులను నేరుగా తాకే సాధనం దగ్గరికి వద్దాం. మూడిల్‌లోనో, ఎన్‌పీటెల్ వంటి ఆన్‌లైన్ కోర్సుల్లోనో మీరు పంపిన ప్రోగ్రాంను మనిషి చదవడు. యంత్రం దానికి కొన్ని ఇన్‌పుట్‌లు ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌ను తన దగ్గరున్న జవాబుతో పోలుస్తుంది. కొన్ని పరీక్షలు మీకు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. వేలమంది రాసే కోర్సులో ఇంతకంటే వేరే దారి లేదు. క్షణాల్లో ఫలితం వస్తుంది, ఎవరి మీదా పక్షపాతం ఉండదు. ఇవి నిజమైన గుణాలే.

అది తప్పును చెప్పే తీరు మాత్రం మొరటు. జవాబు సరైనదై చివర ఒక ఖాళీ ఎక్కువుంటే కొన్ని వ్యవస్థలు సున్నా ఇస్తాయి. తర్కమే తప్పయిన ప్రోగ్రాంకూ అదే సున్నా. రెండు తప్పుల మధ్య తేడా చెప్పని గురువు దగ్గర విద్యార్థి నేర్చుకునేది ఊహించడం ఒక్కటే. ఇది మార్చి చూద్దాం, అది మార్చి చూద్దాం, పచ్చ గుర్తు వచ్చేదాకా.

పచ్చ గుర్తు వచ్చాక ప్రమాదం ఇంకా ఎక్కువ. లీపు సంవత్సరం ప్రోగ్రాం తీసుకోండి. నాలుగుతో భాగిస్తే చాలు అని రాసినవారి ప్రోగ్రాంను 2023, 2024 లతో పరీక్షిస్తే రెండింటికీ పచ్చ గుర్తే. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును. వంద, నాలుగు వందల నిబంధనలు తెలియని ప్రోగ్రాం 1900 దగ్గరే దొరుకుతుంది. పరీక్షలు రాసినవారు 1900 పెట్టడం మరిచిపోతే, యంత్రం మీ తప్పుకు ముద్ర వేసి "సరే" అంది. ఆటోగ్రేడర్ నాణ్యత అంటే అందులోని పరీక్షల నాణ్యతే. అందువల్ల ప్రశ్న చదవగానే ప్రోగ్రాం మొదలుపెట్టకండి. మీకు కనిపించని పరీక్షలు ఏవై ఉంటాయో ముందు ఊహించి రాయండి. సున్నా, రుణ సంఖ్య, ఖాళీ జాబితా, ఒకే అంశమున్న జాబితా - ఈ నాలుగు చోట్ల చాలా ప్రోగ్రాంలు పడిపోతాయి.

నకలు పట్టే సాధనాల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అలెక్స్ ఐకెన్ 1994లో రూపొందించిన మాస్ వాటిలో పేరున్నది. చరరాశుల పేర్లు మార్చినంత మాత్రాన దాన్ని మోసగించలేరు. అయితే అది కొలిచేది పోలికను మాత్రమే. నకలా కాదా అన్నది మనిషి తేల్చాలి. అది మాట్లాడేది అధ్యాపకుడితో, మీతో కాదు. కనుక మన పరిశీలనలో దానికి పెద్ద చోటు లేదు.

అడగకముందే దిద్దేవాడు

చాట్ జీపీటీ 2022 నవంబరులో అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు ఎర్రర్ సందేశాన్ని చదవకుండానే కాపీ చేసి దానికి అతికించే అలవాటు వ్యాపించింది. దిద్దిన ప్రోగ్రాం క్షణంలో వస్తుంది. పైన చెప్పిన సాధనాలన్నీ తప్పును చెప్పడంలో ఏదో ఒక లోపం ఉన్నవి. ఇది తప్పును మీ దాకా రానివ్వదు. బ్రాకెట్ ఎక్కడ మూయలేదో మీరు వెతికిన ఆ పావుగంటే అసలు పాఠం. ఆ పావుగంటను అది మీ తరఫున ఖర్చు పెట్టేస్తుంది. తప్పు జవాబును సరైన జవాబంత ధీమాగా చెప్పడం దానికి ఉన్న రెండో గుణం. రెండిటికీ తేడా తెలియాలంటే మీకు ముందే విషయం తెలిసి ఉండాలి.

అయినా దీన్ని నిషేధించమని మేము చెప్పం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఎర్రర్ సందేశం రెండు రకాలుగా కష్టం: విషయం ఒకటి, ఆంగ్లం ఒకటి. "ఈ సందేశానికి తెలుగులో అర్థం చెప్పు, ప్రోగ్రాం మాత్రం దిద్దకు" అని అడిగితే, ఇంతకాలం ఏ సాధనమూ చేయని ఉపకారం ఇది చేస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన ప్రారంభ కోర్సు సీఎస్50 కోసం 2023లో ఇటువంటి చాట్‌బాట్‌ను తెచ్చినప్పుడు, నేరుగా పరిష్కారం ఇవ్వకుండా దారి మాత్రం చూపేలా దాన్ని మలిచింది. మీకు అటువంటి ప్రత్యేక సాధనం లేకపోవచ్చు. అడిగే వాక్యం మీ చేతిలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ వాడకమే నేర్చుకోవాలంటే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో ఉన్నాయి. పక్కన సాఫ్ట్‌వేర్ తెరిచి, వీడియో ఆపుతూ, తానూ చేస్తూ నేర్చుకునే పద్ధతి వాటిది.

వికటకవి

తెలుగు ప్రస్తావన వచ్చింది కనుక, ఏ సాధనమూ మీకు చెప్పని ఒక తప్పుతో ఈ పరిశీలన ఆపుదాం. పదాన్ని వెనుక నుంచి చదివినా అదే వస్తుందా అని చూసే ప్రోగ్రాం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. ఉదాహరణగా "మేడమ్" అనే ఆంగ్ల పదం ఇస్తారు. పదాన్ని తిప్పి, అసలు పదంతో పోల్చితే చాలు. పైథాన్‌లో రెండు లైన్ల పని. తెనాలి రామకృష్ణుడి కథ విన్న ఏ తెలుగు పిల్లవాడైనా దానికి మొదట ఇచ్చే పదం "వికటకవి". పైథాన్ 3 తెలుగు అక్షరాలను తీసుకుంటుంది, చరరాశుల పేర్లు కూడా తెలుగులో పెట్టుకోనిస్తుంది. కనుక ఇచ్చి చూడండి. "కాదు" అంటుంది.

ప్రోగ్రాంలో వ్యాకరణ దోషం లేదు. సందేశం రాదు, హెచ్చరిక రాదు. మనకు "వి" ఒక అక్షరం. యూనికోడ్‌కు అది రెండు గుర్తులు: వ, ఆ తర్వాత గుడి. మనం అయిదక్షరాలుగా లెక్కించే వికటకవి పొడవు ఎంతని అడిగితే పైథాన్ 7 అంటుంది. "తెలుగు" పొడవు 3 కాదు, 6. పదాన్ని తిప్పినప్పుడు గుడి ముందుకు వచ్చి, హల్లు వెనక్కి పోతుంది. ఇక రెండు పదాలూ ఒకటి ఎలా అవుతాయి? ఇదే ప్రోగ్రాంకు "నటన" ఇస్తే "అవును" అంటుంది, ఎందుకంటే అందులో గుణింతపు గుర్తులే లేవు. నటనతో పరీక్షించి సంతృప్తి పడినవారు తమ ప్రోగ్రాం తెలుగుకు పనిచేస్తుందని అనుకుంటారు. 2024తో లీపు సంవత్సరాన్ని పరీక్షించినవారి వంటివారే వీరు కూడా.

ఓటర్ల జాబితాలో పేర్లు వెతికే ప్రోగ్రాం, రైతు పేరును నిర్ణీత పొడవుకు కత్తిరించి పాస్‌బుక్ మీద ముద్రించే ప్రోగ్రాం, తెలుగు పేర్లను అక్షరాల లెక్కన విడదీసే ఏ ప్రోగ్రాం అయినా ఇదే గోతిలో పడవచ్చు. వాటిని రేపు రాయబోయేది మీరే.

అభ్యాసం: ఒక తెలుగు పదాన్ని తీసుకుని, గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును వాటి ముందున్న హల్లుతో కలిపి ఉంచుతూ, మనం పలికే అక్షరాలుగా విడదీసే ప్రోగ్రాం రాయండి. దాన్ని వికటకవి, కిటికి, నటన, తెలుగు అనే పదాలతో నడిపి చూడండి. ఆ తర్వాత "అమ్మ", "స్త్రీ" ఇవ్వండి. ఒత్తులున్న పదాల దగ్గర మీ ప్రోగ్రాం ఏం చేసిందో, అది సరా కాదా అని మీరు ఎలా నిర్ణయించారో అర పుటలో రాసి, కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.